ఫ్రిజ్జు చెప్పులు

ఇంట్లో తీగలు మూడు. ఒకటి కరెంటు తెస్తుంది, అది ఫేజు. రెండోది తిరిగి పట్టుకుపోతుంది, అది న్యూట్రల్. మూడోది ఆకుపచ్చగా ఉంటుంది, ఏ పనీ చెయ్యదు. అది లేకపోయినా ఫ్యాను తిరుగుతుంది, టీవీలో అత్తగారు కోడలి మీద కళ్ళెర్రజేస్తుంది, మిక్సీలో గోంగూర నలుగుతుంది. ఎప్పుడో ఒకనాడు ఏదో ఒక వస్తువులో తీగ తొడుగు ఊడి ఇనప ఒంటికి తగులుతుంది. ఆ కరెంటు మనిషి మీదుగా పోకుండా తన మీదుగా భూమిలోకి దించెయ్యడం ఎర్తు అనే ఈ మూడో తీగ ఉద్యోగం. అప్పటిదాకా ఖాళీగా కూర్చుంటుంది. ఖాళీగా కూర్చునేవాళ్ళను మనవాళ్ళు ఎంతకాలం భరిస్తారు? ఇల్లు కట్టేటప్పుడు ఖర్చు ఎక్కడ తగ్గిద్దామా అని చూస్తే ముందు కనపడేది అదే.

బందరు రేవులో 1605లో డచ్చివాళ్ళు దిగారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు దిగారు. 1669లో ఫ్రెంచివాళ్ళూ దిగారు. అదే బందరులో మా పిన్ని వాళ్ళింట్లో భూమిలోకి దిగాల్సిన తీగ మాత్రం చాలాకాలం దిగలేదు. పోనీ సైన్సు తెలియని ఊరా అంటే, కాలేజీ లేబొరేటరీలకు పరికరాలు చేసి పంపిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1926లో పుట్టింది ఇక్కడే. ఆ కంపెనీ తర్వాత భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. ఇప్పుడు అక్కడ సైనికులు చీకట్లో చూసే యంత్రాలు తయారవుతున్నాయి. అర్ధరాత్రి శత్రువును కనిపెట్టగల ఊళ్ళో పట్టపగలు ఎర్తు తీగ ఎక్కడుందో కనపడదు.

పిన్ని వాళ్ళింట్లో అది ఒకప్పుడు ఉండేది, నిజం చెప్పాలి. బాబాయి వాళ్ళ నాన్నగారు కట్టించిన ఇల్లు అది. చెక్క పట్టీల మీద వైరింగు, పింగాణీ ఫ్యూజులు, అత్తిపత్తి ఆకుల్లా ముట్టుకుంటే ముడుచుకునే స్విచ్చులు. మెయిన్ బోర్డు దగ్గర్నుంచి ఒక తీగ కిటికీలోంచి బయటికొచ్చి, పెరట్లో మునిసిపల్ కుళాయి ఇనప పైపుకి నాలుగు చుట్లు చుట్టుకుని ఉండేది. దాన్ని చూసి నవ్వకండి. ఆ పైపు ఒక్క ఇంటి పైపు కాదు. వీధి కింద నుంచి ఊరంతా పాకిన ఇనుము. అంతకన్నా మంచి ఎర్తు డబ్బు పెట్టినా దొరకదు. ఆ రోజుల్లో ప్రపంచంలో చాలాచోట్ల అదే చేశారు. ఇస్త్రీపెట్టెలో తీగ తెగి దాని ఒంటికి తగిలితే కరెంటు పైపు వెంట పారిపోయేది, ఫ్యూజు ఠప్పుమనేది, బాబాయి కరెంటు వాళ్ళని తిట్టి ఫ్యూజు కట్టేవాడు. కరెంటు వాళ్ళకు సంబంధం లేని సంగతులకు కూడా తిట్లు తిన్నది వాళ్ళే.

తర్వాత ఉప్పుగాలి తన పని తను చేసుకుంది. బందరులో ఇనుము ముసలిదవడానికి ఎక్కువకాలం పట్టదు. కుళాయి తిప్పితే మొదట అరబిందెడు ఎర్రనీళ్ళు వచ్చేవి. పైపుల జాయింట్లకు నార చుట్టి, సఫేదా రాసి, మళ్ళీ నార చుట్టి విసిగిపోయారు. అప్పుడొచ్చింది ప్లాస్టిక్ పైపు. తుప్పు లేదు, మర కొయ్యక్కర్లేదు. రంపంతో కోసి, సొల్యూషన్ పూసి, ఎల్బోలోకి దోపి, పది అంకెలు లెక్కపెడితే అతుక్కుంటుంది. ఈ పైపులకు మూలమైన పి.వి.సి. అనే పదార్థాన్ని జర్మన్ శాస్త్రవేత్త యూజెన్ బౌమన్ 1872లోనే చూశాడు గానీ దాంతో ఏం చెయ్యాలో అప్పట్లో ఎవరికీ తోచలేదు. తోచాక ఆగలేదు. మన దగ్గర సూర్యాపేట సుధాకర్ పైపులు, నంద్యాల నంది పైపులు గోడల మీద సినిమా పోస్టర్లకు చోటివ్వకుండా ప్రకటనలు రాయించుకున్నాయి. పొలాల్లో బూడిదరంగు, మేడ మీద తెల్లరంగు, వేడినీళ్ళకు మీగడరంగు. కృష్ణా డెల్టాలో ఇనప పైపు ఇప్పుడు బోరింగుకీ జెండా కర్రకీ మిగిలింది.

ప్లాస్టిక్ పైపు నీళ్ళు మోస్తుంది, కరెంటు మొయ్యదు. అది దాని సుగుణం. కుళాయి మేస్త్రీ ఒక మనిషి, కరెంటు మేస్త్రీ ఇంకో మనిషి. ఒకళ్ళొచ్చిన రోజు రెండోవాళ్ళు రారు. పిన్ని వాళ్ళింటికి కుళాయి మేస్త్రీ వచ్చి పాత ఇనుము పీకేసి పాతసామాన్ల వాడికి తూకానికి వేయించాడు. పీకుతుంటే పైపుకి చుట్టిన తీగ ఊడి చేతికొచ్చింది. పాపం మర్యాదస్తుడు, ఎవరి తీగో పారెయ్యడం ఎందుకని, కొత్త ప్లాస్టిక్ పైపుకి ఆ తీగనే పూర్వంకంటే శ్రద్ధగా చుట్టి, జారకుండా నల్లటేపు కూడా వేసి వెళ్ళాడు. బాబాయి దగ్గరుండి చూసి సంతోషించాడు. ఆ తర్వాత ఎవరైనా "మీ ఇంటికి ఎర్తుందాండీ?" అంటే ఆ టేపు చూపించేవాడు. అమెరికాలో వైరింగు నిబంధనలు రాసేవాళ్ళకు ఈ మేస్త్రీ సంగతి తెలిసినట్టుంది. నీళ్ళ పైపు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, దానికి తోడు ఇంకో ఎర్తు ఉండి తీరాలని 1978లో రాసిపెట్టారు. ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు ప్లాస్టిక్ ముక్క అతికిస్తాడనే కదా.

ఆ తర్వాతే ఫ్రిజ్జు జిల్లుమనడం మొదలైంది.

మొదట పనిమనిషికి కొట్టింది. నేల తుడుస్తూ తడిచెయ్యి ఆనించిందట. "నీ చేతులు తడిగా ఉన్నాయి" అని తప్పు ఆవిడ మీద తోసేశారు. తర్వాత పిల్లలకి కొట్టింది. "ఐస్‌క్రీం కోసం మాటిమాటికీ తెరవకండర్రా, దానికీ విసుగొస్తుంది" అన్నాడు బాబాయి. చివరికి పిన్నికే కొట్టింది. ఆవిడ తప్పు అనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి, అప్పుడు గానీ అది సమస్య కాలేదు.

పరిష్కారం ఆ పూటే దొరికింది. రబ్బరు చెప్పులు. అయితే వంటింట్లోకి చెప్పులేమిటని నాయనమ్మ, అంటే బాబాయి వాళ్ళమ్మగారు, ధర్నాకు దిగింది. రెండు రోజుల చర్చల తర్వాత ఒప్పందం కుదిరింది. కొత్త హవాయి చెప్పులు, నీలం పట్టీలవి, వీధిగడప దాటనివి, పసుపునీళ్ళతో కడిగినవి, ఫ్రిజ్జు ముందు ఉంటాయి. వాటిని ఫ్రిజ్జు తెరవడానికి తప్ప ఇంకెందుకూ వాడకూడదు. అవి ఫ్రిజ్జు చెప్పులు. చుట్టాలొచ్చి మంచినీళ్ళు అడిగితే పిన్ని వంటింట్లోంచి కేకేసేది: "చెప్పులేసుకుని తీసుకోండి అన్నయ్యగారూ, మొహమాటపడకండి!" ఆయనకు చెప్పులు పట్టక మడమలు వెనక్కి నేల మీద ఆనితే ఆ నేరం కాళ్ళదే. కాలక్రమంలో వాషింగ్ మెషీనుకో జత వచ్చింది. కంప్యూటరు కింద ఒక రబ్బరు చాప వెలిసింది. ఆ ఇంట్లో ఎవరి చెప్పులు ఎవరివో తెలిసేది కాదు గానీ ఏ చెప్పులు ఏ యంత్రానివో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు.

మనిషి ఎంత కరెంటుకు ఎలా స్పందిస్తాడో కొలవడానికి కాలిఫోర్నియాలో బర్క్‌లీ ప్రొఫెసర్ ఛార్లెస్ డాల్జీల్ చాలా తంటాలు పడ్డాడు. స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళ చేతికి తీగ ఇచ్చి, కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ, ఎక్కడిదాకా వదిలించుకోగలరో రాసుకున్నాడు. మగవాళ్ళకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్ళకు పదిన్నర. అంతకు మించితే పిడికిలి బిగుసుకుపోతుంది, వదులుదామన్నా వదల్లేరు. పాపం ఆయన అంత కష్టపడ్డాడు గానీ, బందరు వస్తే పిన్ని వంటింట్లో స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళూ, రానివాళ్ళూ, అట్లతద్దికి వాయనం పుచ్చుకోడానికి వచ్చినవాళ్ళూ కూడా దొరికేవాళ్ళు.

ఈ దశలో గుడివాడ బావ రంగప్రవేశం చేశాడు. మా అక్క మొగుడు. ఆయనకు చిట్‌ఫండ్ లెక్కలు వృత్తి, కరెంటు పని ప్రవృత్తి. గుడివాడ గాలిలోనే కరెంటు ఉందని ఆయన సిద్ధాంతం. దానికి ఆధారం కూడా చూపిస్తాడు: విద్యుత్ బోర్డుకు ఏళ్ళ తరబడి చైర్మనుగా చేసి రాష్ట్రంలో పల్లెపల్లెకూ తీగలు లాగించిన నార్ల తాతారావు గారిది గుడివాడ పక్కన కౌతవరం. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌కి పెట్టింది ఆయన పేరే. "మా పక్కూరాయన" అంటాడు బావ, టెస్టరు జేబులో గుచ్చుకుంటూ. తాతారావు గారు కరెంటు ఊళ్ళోకి తెచ్చారు. దాన్ని ఇళ్ళల్లో ఏం చెయ్యాలో చూసే బాధ్యత బావ తీసుకున్నాడు.

త్రీపిన్ను ప్లగ్గు మీద బావకు జన్మవైరం. పైనుండే లావుపాటి పిన్ను అనవసరపు పెత్తందారు అని ఆయన అభిప్రాయం. నిజానికి దాన్ని లావుగా చేసింది కింది రంధ్రాల్లో పొరపాటున దూరకుండా. పొడుగ్గా చేసింది అన్నిటికన్నా ముందు తగలడానికి, అన్నిటికన్నా వెనక ఊడడానికి. వస్తువులోకి కరెంటు వచ్చేలోపే ఎర్తు వచ్చి కూర్చోవాలి, కరెంటు వెళ్ళిపోయాకే లేవాలి. ఇంత మర్యాద తెలిసిన పిన్ను ప్లగ్గులో ఇంకోటి లేదు. బావ దాన్ని కటింగ్ ప్లేయరుతో టక్కున విరిచేసి "ఇప్పుడు ఏ బోర్డుకైనా పడుద్ది" అంటాడు. విరవడానికి వీల్లేకపోతే రెండు పిన్నుల కన్వర్షన్ ప్లగ్గు తగిలిస్తాడు.

ఫ్రిజ్జు సంగతి విని ఆయన మెయిన్ బోర్డు విప్పాడు. ఎర్తు తీగ ఎటు పోతోందో వెతికాడు. ప్లాస్టిక్ పైపు మీద టేపు దాకా వెళ్ళి, తల పంకించి, వెనక్కొచ్చి, బోర్డులోనే ఎర్తునీ న్యూట్రల్నీ కలిపి మెలేశాడు. వంద వాట్ల బల్బు హోల్డరుకి రెండు తీగలు పెట్టి ఫేజుకీ ఎర్తుకీ ఆనించాడు. బల్బు దేదీప్యమానంగా వెలిగింది. ఇల్లంతా చప్పట్లు.

"చూశారా అత్తయ్యగారూ, ఎర్తు ఎంత బ్రహ్మాండంగా ఉందో!"

వెలగక ఏం చేస్తుంది? అది న్యూట్రల్ వెలుగు. అసలైన ఎర్తు ఉన్నా ఆ బల్బు సాక్ష్యం చెల్లదు. వంద వాట్ల బల్బుకి అర ఆంపియరు కూడా అక్కర్లేదు, పరమ నాసి ఎర్తు మీద కూడా వెలిగి మురిపిస్తుంది. ఫేజు వస్తువు ఒంటికి తగిలిన రోజున పారాల్సింది పదులకొద్దీ ఆంపియర్లు. ఇంతకీ బావ చేసిన మెలిక వల్ల జిల్లు తగ్గిన మాట వాస్తవం. పక్కింటి కొబ్బరిమట్ట సర్వీసు తీగ మీద పడి న్యూట్రల్ ఒక్కటే తెగితే మాత్రం ఇంట్లో ఎర్తుకి కట్టిన ప్రతి వస్తువు ఒళ్ళూ ఒకేసారి ఫేజు అయి కూర్చుంటుంది. ఫ్రిజ్జు, మిక్సీ, వాషింగ్ మెషీను, గీజరు, అన్నీ. బందరులో గాలివానలు ఎన్ని వస్తాయో చెప్పక్కర్లేదు. ఆ మెలికను మర్నాడే విప్పించాం. జిల్లు తిరిగొచ్చింది. చెప్పులూ తిరిగొచ్చాయి.

"షాకు కొడితే ఎం.సి.బి. ట్రిప్పు అయిపోద్ది కదరా" అని బావ నాతో వాదించాడు. ఈ నమ్మకం బావది ఒక్కడిదే కాదు, డెల్టా అంతటిదీ. ఎం.సి.బి. మీద 16 అని రాసి ఉంటే, పదహారు ఆంపియర్లు దాటితే తప్ప అది కదలదు. అంటే పదహారు వేల మిల్లీ ఆంపియర్లు. మనిషి గుండె లయ తప్పడానికి వందలోపే చాలు. తడికాళ్ళతో నిలబడ్డ మనిషిలోంచి 230 వోల్టుల దగ్గర నూట యాభై, రెండొందల మిల్లీ ఆంపియర్లు పోతాయి. గుణిస్తే వాట్లు నలభైకి అటూఇటూ. ఎం.సి.బి. కళ్ళకు మనిషంటే నలభై వాట్ల బల్బు. వరండాలో ఎవరో దీపం వేశారనుకుని ఊరుకుంటుంది. అది వైర్లు కాలిపోకుండా కాపలా కాసేది. మనుషుల కోసం వేరే పరికరం ఉంది, ఆర్.సి.సి.బి. అని. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరిపోయాయా లేదా అని క్షణక్షణం చిట్టా చూస్తూ, 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే రెప్పపాటులో తెంచేస్తుంది. చిట్‌ఫండ్ మనిషికి ఇంతకన్నా అర్థమయ్యేట్టు చెప్పలేను. బావ విని, "మరి అది ఖరీదెంత?" అన్నాడు. చెప్పాను. "అంత లీకేజీ మనకి లేదులే" అన్నాడు.

ఇక దివిసీమ. నాగాయలంక దగ్గర మా మావయ్యకు రొయ్యల చెరువులున్నాయి. ఎర్తు విషయంలో భగవంతుడు దివిసీమకు అన్యాయం చెయ్యలేదు. రాయలసీమలో రాతినేలలో ఎర్తు దించాలంటే గడ్డపారలు వంగుతాయి. ఇక్కడ పారేస్తే నీళ్ళు, నీళ్ళల్లో ఉప్పు. ఎర్తు గొయ్యి తవ్వి రెండున్నర మీటర్ల జి.ఐ. పైపు నిలబెట్టి, చుట్టూ ఓ వరస బొగ్గు, ఓ వరస ఉప్పు వెయ్యమని పుస్తకం చెబుతుంది. నేలకు తడి ఆగడానికి బొగ్గు, కరెంటు తేలిగ్గా పారడానికి ఉప్పు. "సముద్రం పక్కన కూచుని నేలకి ఉప్పు కొని పోయటమేంట్రా, జనం నవ్వుతారు" అన్నాడు మావయ్య. కొంతవరకు ఆయన మాట నిజమే. అలాంటి నేల కరెంటును కాదనకుండా తీసుకుంటుంది. అలా తీసుకునేలా చేసే ఉప్పే ఇనుమును తినేది కూడా. పాతిన ఇనుము కొన్నేళ్ళకు జల్లెడ అవుతుంది. పైన సిమెంటు మూత దర్జాగా ఉంటుంది, కింద పైపు ఉండదు. అందుకే రెండు మూడేళ్ళకోసారైనా ఎర్తు టెస్టరు పెట్టి చూసుకోవాలి. అయిదు ఓమ్స్ లోపు ఉంటే ఇంటికి బేషైన ఎర్తు.

దివిసీమలో ఇంకో చిక్కుంది, అది పైపు లోపలి నీళ్ళది. ప్లాస్టిక్ పైపు కరెంటు మొయ్యదన్నాను కదా. లోపలున్న నీళ్ళ మాటేమిటి? అరంగుళం పైపులో మీటరు పొడుగున మామూలు మంచినీళ్ళుంటే వాటి నిరోధం లక్ష ఓమ్స్ పైమాటే. గీజరు లీకైనా అంత నీటిని దాటి కుళాయి దగ్గరికొచ్చేది రెండు మిల్లీ ఆంపియర్లకు అటూఇటూ. చురుక్కుమంటుంది, అంతే. అదే నోట పెట్టలేని ఉప్పు బోరునీళ్ళయితే నిరోధం పది పన్నెండు వేలకు పడిపోతుంది. అప్పుడొచ్చేది ఇరవైకి అటూఇటూ ఉండొచ్చు. డాల్జీల్ గారి లెక్కలో చెయ్యి వదిలించుకోలేని అంకె. హైదరాబాదులో చురుక్కుమనే గీజరు కోడూరులోనో నాగాయలంకలోనో మనిషిని పట్టుకుంటుంది. ఉప్పునీళ్ళు గీజరు లోపలి కాయిల్‌ని త్వరగా తినేస్తాయి కూడా, అంటే లీకు పుట్టించేదీ అవే, దాన్ని మోసుకొచ్చేదీ అవే. పూర్వం ఇనప పైపులుంటే ఆ లీకు గోడలోనే భూమిదారి పట్టేది. ఇప్పుడు గీజరుకి ఆకుపచ్చ తీగ తప్ప వేరే దిక్కు లేదు.

మావయ్యకు ఇవన్నీ తెలియక కాదు. చెరువు గట్టు మీద ఆయన శాస్త్రవేత్త. నీళ్ళల్లో ఆక్సిజన్ కొలుస్తాడు, ఉప్పు శాతం కొలుస్తాడు, పి.హెచ్. కొలుస్తాడు. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే రొయ్యకు ఊపిరాడదని జనరేటరు పెట్టాడు. అది మొరాయిస్తే ఇంకొకటి పెట్టాడు. ఆ ఏరేటర్లకు వెళ్ళే కేబులు మాత్రం వెదురుగడల మీద ఊయలలూగుతూ, నడుం లోతు ఉప్పునీళ్ళల్లో మేత చల్లే కుర్రాడి భుజం మీదుగా వెళుతుంది. జాయింట్లకు పాలిథిన్ సంచి కట్టి ఉంటుంది. "రొయ్యకి ఊపిరాడకపోతే జనరేటరా, కుర్రాడికి షాకు కొడితే ఏంటి మావయ్యా?" అని అడిగాను. "వాడు చెప్పులేసుకునే దిగుతాడురా" అన్నాడు. నీళ్ళల్లోకి. ఆ తర్వాత ఎందుకో మావయ్యే ఆ రాత్రి అన్నం దగ్గర ఆ మాట మళ్ళీ ఎత్తి, పక్క చెరువులో ఎప్పుడో జరిగిన ఒక సంగతి సగం చెప్పి ఆపేశాడు. తర్వాతి పంటకు చెరువు స్టార్టరు పెట్టెలో కొత్త పరికరం కనిపించింది. దాని సంగతి ఆయన నాతో అనలేదు, నేనూ అడగలేదు.

దివిసీమలో చాలా ఇళ్ళు 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత లేచినవి. తాటాకు పోయి కాంక్రీటు వచ్చింది. శ్లాబులో ఇనుముంటుంది, వానాకాలం గోడ చెమ్మగిల్లుతుంది, పాత వైరు తొడుగు గోడలో ఎక్కడో ఊడుతుంది. "గోడ షాకు కొడుతోంది" అనే మాట అందుకే పుట్టింది. పెరట్లో బట్టలారేసే దండెం ఇనప తీగైతే, దాని ఒక కొస రేకులషెడ్డుకీ ఇంకో కొస సర్వీసు తీగ వచ్చే గొట్టానికీ కడితే, ఇక చెప్పేదేముంది. తడిబట్ట వేస్తూ ఇల్లాలు, ఆవిణ్ణి లాగబోయి భర్త, అలాంటి వార్త పేపర్లో చదవని వానాకాలం లేదు. దండేనికి ప్లాస్టిక్ తాడు కడితే పోయేది పాతిక ముప్పై రూపాయలు. పైపు దగ్గర మన ఎర్తు పోగొట్టిన ప్లాస్టిక్కే దండెం దగ్గర ప్రాణం కాస్తుంది.

పిన్ని ఇంట్లో మూడో తీగకు మంచిరోజులు వచ్చింది ఇవన్నీ చెప్పినందుకు కాదు. అల్లుడికి షాకు కొట్టినందుకు.

పిన్ని కూతురికి, అంటే మా చెల్లెలికి, పెళ్ళయిన మొదటి సంక్రాంతి. కొత్తల్లుడు కూకట్‌పల్లి నుంచి వస్తున్నాడని బాత్రూములో కొత్త టైల్సు, కొత్త గీజరు, మిలమిలలాడే స్టీలు షవరు. భోగినాడు తలంటుకుని లోపలికెళ్ళిన మనిషి క్షణంలో కెవ్వుమని, కుంకుడు నురుగుతో, తువ్వాలు చుట్టుకుని వరండాలోకి వచ్చిపడ్డాడు. భోగిమంట చుట్టూ చేరిన వీధివీధంతా చూసింది. పాపం హైదరాబాదు కుర్రాడు, అత్తారింట్లో అడగకూడదనుకుంటూనే అడిగాడు: "అత్తయ్యగారూ... మీ ఇంట్లో స్నానానికి కూడా చెప్పులున్నాయా?"

పనిమనిషికి కొడితే తడిచెయ్యి. పిల్లలకు కొడితే అల్లరి. ఇల్లాలికి కొడితే చెప్పులు. అల్లుడికి కొడితే పరువు. కనుమనాడు మాంసం దుకాణాలు తప్ప ఏమీ తెరవని బందరులో, బాబాయి ఐ.టి.ఐ. చదివిన ఒక కుర్రాణ్ణి మోటారుసైకిలు మీద కూచోబెట్టుకుని తీసుకొచ్చాడు. ఆ కుర్రాడు టేపు చుట్టిన ప్లాస్టిక్ పైపు చూశాడు. నవ్వలేదు. అతనికి అలవాటే అనుకుంటాను. "ఎర్తు గొయ్యి తియ్యాలి బాబాయిగారూ, ఆర్.సి.సి.బి. కూడా పెట్టాలి. ఒకటుంటే రెండోది అక్కర్లేదనుకోవద్దు" అన్నాడు. ఆర్.సి.సి.బి. ఒక్కటే ఉంటే అది మనిషికి తగిలాక తెంచుతుంది. ఎర్తు కూడా ఉంటే మనిషి ముట్టుకోకముందే వస్తువు ఒంటి మీది కరెంటు భూమిలోకి పారి, ఆ తేడాకు అదే తెగిపోతుంది.

పెరట్లో గొయ్యి తవ్వుతుంటే వీధిలో వాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు. లంకెబిందెలని ఒకళ్ళు, వాస్తు దోషమని ఒకళ్ళు. బస్తాడు బొగ్గు, బస్తాడు ఉప్పు దిగాయి. పైపు దిగింది. నీళ్ళు పొయ్యడానికి పైన గరాటు, చుట్టూ సిమెంటు తొట్టి, మూత. కుర్రాడు మీటరు పెట్టి చూసి మూడు ఓమ్స్ లోపే ఉందన్నాడు. మర్నాడు పొద్దున చూస్తే ఆ మూతకు పసుపు, కుంకుమ. నాయనమ్మ. తులసికోట దగ్గర పోసిన చెంబులో సగం నీళ్ళు మిగిల్చి రోజూ గరాటులో పోస్తోంది. కుర్రాడికి చెప్పాను, ఏమంటాడోనని. "మామ్మగారు చేసేదే కరెక్టండీ. ఎండాకాలం మరీ మంచిది. ఎవరికి చెప్పినా చెయ్యరు" అన్నాడు.

అసలు గొడవ ఆర్.సి.సి.బి. పెట్టిన రాత్రి మొదలైంది. అది నిలబడదే! ఎత్తితే పడిపోతుంది. ఇల్లంతా చీకటి. ఇంటిల్లిపాదీ కొవ్వొత్తి పట్టుకుని ఒక్కొక్క ప్లగ్గూ పీకుతూ, ఒక్కొక్కటే పెడుతూ విచారణ జరిపారు. ఫ్రిజ్జు నిర్దోషి. అన్నాళ్ళు చురుక్కుమనిపించినా దానిది చిల్లర దొంగతనమే, తీగ దొరికాక బుద్ధిగా ఉంది. వాషింగ్ మెషీను నిర్దోషి. గీజరు నేరం ఒప్పుకుంది, కొత్తదే అయినా లోపల కాయిల్ పగిలి ఉంది, తర్వాత వారంటీలో మార్చారు. దాన్ని పక్కన పెట్టినా ట్రిప్పు అవుతూనే ఉంది. చివరికి దొరికింది వెట్ గ్రైండరు. పిన్ని పుట్టింటివాళ్ళు పెట్టినది, పాతికేళ్ళుగా దోసెలపిండి రుబ్బుతున్నది, ఎన్నడూ పన్నెత్తి ఎవరినీ కొట్టనిది. మోటారు చుట్టలోకి పప్పునీళ్ళు దిగి ఎన్నేళ్ళయిందో. పిన్ని ఎప్పుడూ ఎండిన చెక్కపీట మీద కూర్చుని వేసుకునేది, కాబట్టి తెలియలేదు.

"దాన్నేమీ అనకండి. ఈ డబ్బాయే మంచిది కాదు, దీన్ని తీసెయ్యండి" అంది పిన్ని, ఆర్.సి.సి.బి. వంక చూపిస్తూ. పండక్కొచ్చిన గుడివాడ బావ వెంటనే లేచి టెస్టరు తీశాడు. తీసెయ్యనక్కర్లేదు, రెండు తీగలు దాని పక్కనుంచి బైపాసు చేస్తే చాలన్నాడు. కొత్తల్లుడు చేతులు కట్టుకుని మెయిన్ బోర్డుకి అడ్డంగా నిలబడ్డాడు. అత్తారింటికొచ్చి మూడో రోజుకే పెద్దల్లుడికి ఎదురుచెప్పిన అల్లుణ్ణి మా వంశంలో అంతకుముందు చూళ్ళేదు. ఓ పావుగంట మాటలు పెరిగాయి, కాసేపు మౌనంగా అరిసెలు తిన్నారు, చివరికి పిన్ని కొత్త గ్రైండరు కొనడానికి ఒప్పుకుంది.

పాతదాన్ని పాతసామాన్లవాడికి వెయ్యబోతే బావ ఆపాడు. పుట్టింటి రాళ్ళు, బంగారంలాంటి వస్తువు, మూడొందలకు ఇచ్చేస్తారా అని పిన్ని మీద కేకలేసి, తన కారు డిక్కీలో పెట్టించుకున్నాడు. మొన్న ఫోన్ చేశాడు. గుడివాడలో వాళ్ళింట్లో ఎర్తూ లేదు, ఆ డబ్బా కూడా లేదు కదా, గ్రైండరు ఒక్కసారి కూడా ఆగకుండా తిరుగుతోందట. అక్కకు మాత్రం కొత్త చెప్పులు కొన్నాడట.